ఉప్పుడు బియ్యం మిల్లు నీళ్లు, పులిసిపోయిన గ్యాస్ ట్యాంకు: ఖాళీ మాత్రం చేయకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మండపేట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. ధాన్యం నానబెట్టిన నీళ్లు రోజుకు 60 వేల లీటర్లు వస్తున్నాయి. ఫిబ్రవరిలో 60 ఘనపు మీటర్ల యూఏఎస్‌బీ ట్యాంకు, అంటే అడుగు నుంచి నీళ్లు ఎక్కించి గాలి తగలకుండా బురదలోని జీవులతో మురుగును గ్యాస్ చేయించే ట్యాంకు, కట్టించి, రోజుకు 30 వేల లీటర్లతో మొదలుపెట్టారు. నెలన్నర పాటు గ్యాస్ బాగానే వచ్చింది. దాళ్వా ధాన్యం దిగగానే రెండో బ్యాచ్ కూడా పెట్టి మొత్తం 60 వేలూ ఒకేసారి పంపారు. ఇప్పుడు గ్యాస్ సగానికి పడిపోయింది, బర్నర్ మీద మంట నిలవట్లేదు, బయటికొచ్చే నీళ్లు పుల్లటి వాసన కొడుతున్నాయి. కట్టినవాళ్లు ట్యాంకులో సున్నం వేయమంటే వేశారు, రెండు రోజులు బాగున్నట్టు కనిపించి మళ్లీ మొదటికొచ్చింది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టాలా అని ఒక ప్రశ్న. ఈ గ్యాస్‌తో బాయిలర్ ఊక ఖర్చు తగ్గుతుందని చెప్పారు, నిజమేనా అని రెండో ప్రశ్న.

ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదట డిస్టిలరీలో, తర్వాత సగ్గుబియ్యం ఫ్యాక్టరీల్లో, ఈ పదేళ్లుగా రైసు మిల్లుల్లో. అందుకని కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ఖాళీ చేయకండి. మీ ట్యాంకు చచ్చిపోలేదు. అజీర్తి చేసింది, అంతే. దాని అడుగున ఉన్న నల్లటి బురదే మీ అసలు పెట్టుబడి. కాంక్రీటు ఎప్పుడైనా పోయించుకోవచ్చు గానీ, ఆ బురద తయారు కావడానికి నెలలు పడుతుంది. పెరుగు గిన్నె కడిగేసి తోడు కూడా పారబోసుకున్నాక మళ్లీ పెరుగు ఎలా తోడేస్తాం? ఇదీ అంతే. ఇంకో కారణం కూడా ఉంది. మీ ట్యాంకు సగం భూమిలో ఉందన్నారు. ఇంకో పదిహేను రోజుల్లో వానలు మొదలవుతాయి, కాలువలకు నీళ్లు వదులుతారు. మన డెల్టాలో ఆ రోజుల్లో రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. భూమిలో ఉన్న ఖాళీ తొట్టిని ఆ నీళ్లు కిందనుంచి పైకి తోస్తాయి. గోడలు పగిలి, పైపులు విరిగి, తొట్టి మొత్తం ఒక పక్కకి ఎత్తుకున్నది నేను కళ్లారా చూశాను. ట్యాంకు నిండుగా ఉంటే దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి వానాకాలంలో ఆ ఆలోచనే వద్దు.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చెప్తాను. అది తెలిస్తే ఏం చేయాలో మీకే తోచేస్తుంది.

ధాన్యం నానిన నీళ్లలో పిండి పదార్థం, చక్కెరలు, కొంచెం ప్రొటీను, తవుడు నలక ఉంటాయి. గాలి తగలని ట్యాంకులో దీన్ని తినేవి ఒక్క రకం జీవులు కావు. ముందు ఒక గుంపు ఆ పిండిని విరగ్గొట్టి చక్కెరలు చేస్తుంది. ఇంకో గుంపు చక్కెరల్ని ఆమ్లాలు చేస్తుంది. మూడోది ఆ ఆమ్లాల్లో ఎక్కువ భాగాన్ని ఎసిటిక్ ఆమ్లంగా, అంటే మన వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తుంది, దాంతోపాటు కొంత హైడ్రోజనూ ఇస్తుంది. ఆఖర్న మీథేన్ చేసే జీవులు ఆ ఎసిటిక్ ఆమ్లాన్ని తిని గ్యాస్ ఇస్తాయి. వచ్చే మీథేన్‌లో మూడింట రెండు వంతుల పైన ఈ ఎసిటిక్ ఆమ్లం నుంచే వస్తుంది.

చిక్కంతా వేగంలో ఉంది. ఆమ్లం చేసేవి గంటల్లో రెట్టింపవుతాయి. మీథేన్ చేసేవి రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. అలికిడికి బెదిరే రకం కూడా. మీరు ఒక్కసారిగా మేత రెట్టింపు చేస్తే ముందువి పండగ చేసుకుంటాయి, ఆమ్లం కుప్పలుగా పోస్తాయి. వెనకవి అంత తినలేవు. తినలేక మిగిలిన ఆమ్లం పేరుకుంటుంది. ఆమ్లం పేరుకునే కొద్దీ మీథేన్ చేసేవి ఇంకా నీరసపడతాయి, అప్పుడు ఇంకా పేరుకుంటుంది. గేదెకి ఒక్కపూట బియ్యం పిండి కుడితి ఎక్కువ పెడితే ఏమవుతుందో ఊళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కడుపుబ్బి, నెమరు ఆగిపోతుంది. అది గ్యాస్ తన్నే రోగం, మీ ట్యాంకుది గ్యాస్ తగ్గే రోగం, కానీ రెండింటికీ మూలం ఒకటే: తేలిగ్గా అరిగే పిండి, ఒకేసారి, మోతాదు మించి.

మీ మంట ఎందుకు నిలవట్లేదంటే, మీథేన్ తగ్గి గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ పాలు పెరిగింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ నీళ్లకి మీథేన్ 65 నుంచి 70 శాతం ఉండాలి. 50 శాతానికి దిగువకి వస్తే మామూలు బర్నర్ మీద మంట ఎగిరెగిరి ఆరిపోతుంది. కాబట్టి గ్యాస్ మీటరు చూసి ధైర్యం తెచ్చుకోకండి. మీటరు తిరుగుతూనే ఉంటుంది, అందులో సగానికి పైగా మండనిదే ఉండవచ్చు.

మీ విషయంలో మేత రెట్టింపు ఒక్కటే కాదని నా అనుమానం. నానబెట్టే తొట్టిలో నీళ్లు 65, 70 డిగ్రీలు ఉంటాయి. బయటికి వదిలేటప్పుడు కూడా 45, 50 ఉంటాయి. మీరు సమీకరణ తొట్టి, అదే నీళ్లు ముందు నిలవ చేసి ఒకే ధారగా పంపే ఈక్వలైజేషన్ ట్యాంకు, చిన్నది కట్టించామన్నారు. రెండో బ్యాచ్ మొదలయ్యాక ఆ వేడి నీళ్లు చల్లారే వ్యవధి ఉండి ఉండదు. మీ ట్యాంకులో ఉన్న జీవులు 30 నుంచి 38 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. 42, 43 దాటితే వాటికి కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు మీకు తెలిసినవే, బయటి గాలే 40 దాటి ఉంటుంది. అందుకని ముందు ఒక థర్మామీటరు కొని, ట్యాంకులోకి పోయే నీళ్ల వేడి చూడండి. 38 దాటితే పంపు ఆపేయాలి. ఇది వాదించే విషయం కాదండీ.

మీ ఆపరేటర్ మర్నాడు పొద్దున్నుంచే చేయగలిగిన పరీక్ష ఒకటి చెప్తాను. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పులుపు ఎంతుందో చూపించే పీహెచ్ మీటరు ఒకటి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం, అదే బ్యూరెట్ ఒకటి, ఒక బీకరు, పదోవంతు నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ చాలు. ఆ యాసిడ్ కాకినాడ, రాజమండ్రి కెమికల్ షాపుల్లో తయారుగా దొరుకుతుంది, మీరు కలుపుకోవద్దు.

ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లు ఒక గ్లాసుడు పట్టి, ఫిల్టర్ పేపర్‌లో వడగట్టండి. వడిసిన దాంట్లో సరిగ్గా 20 మిల్లీలీటర్లు బీకరులో పోయండి. పీహెచ్ మీటరు కడ్డీ ముంచి, గాజు పుల్లతో మెల్లగా కలుపుతూ, బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా యాసిడ్ వదలండి. పీహెచ్ 5.0 రాగానే ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పడిందో రాసుకోండి. మీటరు అంకె ఒక పట్టాన నిలవదు, బుడగలు వస్తుంటాయి. అవి పోయి అంకె నిలిచేదాకా ఆగాలి. తర్వాత మళ్లీ వదిలి 4.4 దగ్గర ఆపండి. ఈ రెండోసారి పడింది విడిగా రాసుకోండి. మొదటి అంకెను 250తో గుణిస్తే క్షారత వస్తుంది. అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. రెండో అంకెను 1.66తో గుణించి, అందులోంచి 0.15 తీసేసి, 500తో గుణిస్తే ఆమ్లం లెక్క వస్తుంది. రెండూ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే. ఆమ్లాన్ని క్షారతతో భాగించండి.

ఉదాహరణకు మొదటిసారి 9 మిల్లీలీటర్లు, రెండోసారి 0.7 పడిందనుకోండి. క్షారత 2250, ఆమ్లం 506. భాగిస్తే 0.22. ఇది నిమ్మళంగా ఉన్న ట్యాంకు. అదే మొదటిసారి 5, రెండోసారి 2.2 పడితే క్షారత 1250, ఆమ్లం 1751, నిష్పత్తి 1.4. ఇది పులిసిన ట్యాంకు. మీది ఇప్పుడు దీనికి దగ్గర్లోనే ఉంటుందని నా లెక్క. 0.3 లోపు ఉంటే మేత పెంచుకోవచ్చు. 0.4 దాటిందంటే పెంచడం ఆపాలి. 0.8కి వచ్చిందంటే అసలు మేతే ఆపాలి.

పీహెచ్ ఒక్కటి చూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. క్షారత ఉన్నంతసేపూ పీహెచ్‌ని అది కాపాడుకుంటూ వస్తుంది. క్షారత అయిపోయిన రోజున పీహెచ్ ఒక్కసారిగా జారిపోతుంది. అప్పటికే ఆలస్యం. ఇది నేను నా చేతులతో నేర్చుకున్నాను. డిస్టిలరీలో చేరిన రెండో ఏడు, సంక్రాంతికి నాలుగు రోజులు ప్లాంటు ఆపారు. డైజెస్టర్‌కి, అంటే మీది లాంటి గ్యాస్ ట్యాంకుకి, ఆ నాలుగు రోజులూ మేత లేదు. కనుమ మర్నాడు ప్లాంటు ఎక్కగానే, గుంటలో నిలవున్న పాత నీళ్లూ కొత్త నీళ్లూ కలిపి మామూలు కంటే ఎక్కువే తోశాం. షిఫ్టు నాది. రెండు రోజులు పీహెచ్ 7.2 చూపించింది, నేను బాగుందని రిజిస్టర్‌లో రాశాను. ఆమ్లం పరీక్ష చేయలేదు. మూడో రోజు రాత్రి 6.3. అక్కణ్నుంచి కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అరగని నీళ్లు గుంటల్లో నిలవుండి ఊరంతా వాసన. పక్క ఊరి ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని, "ఈ వాసనకి పిల్ల రాత్రంతా పాలు తాగట్లేదు బాబూ" అంది. ఆ తర్వాత నేను ఏ ప్లాంటులో పని చేసినా, ఆమ్లం అంకె చూడకుండా పంపు ఆన్ చేయలేదు.

ఇక మీరు చేయాల్సింది. పంపు ఆపండి, మూడు రోజులు. మిల్లు ఆపలేం కదా అంటారు. నీళ్లు ఎక్కడైనా నిలవ చేయాలి, లేకపోతే ఆ మూడు రోజులూ ఒక్క బ్యాచే నానబెట్టాలి. డ్రెయిన్‌లోకి మాత్రం వదలొద్దు, దాని గురించి చివర్లో చెప్తాను. ట్యాంకులో ఉన్న నీళ్లనే పైనుంచి తీసి కిందకి తిప్పుతూ ఉండండి. బురద మెల్లగా కదిలితే పేరుకున్న ఆమ్లం దానికి అందుతుంది.

సున్నం ఇక వేయకండి. కట్టినవాళ్లు చెప్పిందాంట్లో పొరపాటు ఇక్కడే. సున్నం చవకే, సమీకరణ తొట్టిలో వస్తున్న నీళ్ల పులుపు విరగ్గొట్టడానికి పీహెచ్ 6.5 దాకా వాడుకోవచ్చు. కానీ డైజెస్టర్ లోపల వేస్తే, అది అక్కడున్న కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని సుద్దగా మారి బురదలోకి దిగిపోతుంది. పీహెచ్ కాసేపు ఎగిరి మళ్లీ పడుతుంది. మీకు జరిగింది సరిగ్గా అదే. బురదేమో సుద్దతో బరువెక్కి, పని చేసే జాగా తగ్గుతుంది. ఎక్కువ వేస్తే గ్యాస్ ఒక్కసారిగా తగ్గి డోమ్, అంటే గ్యాస్ పట్టే పైకప్పు, లోపలికి పీల్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. సోడా బైకార్బొనేట్ వేయండి, అంటే తినే సోడా. పశువుల దాణాలో కలిపే గ్రేడు బస్తాల్లో దొరుకుతుంది. 60 ఘనపు మీటర్లలో క్షారతను లీటరుకు 1000 మిల్లీగ్రాములు పెంచాలంటే దాదాపు 100 కేజీలు పడుతుంది. ఒకేసారి కాదు, రెండు మూడు దఫాలుగా, నీళ్లలో కరిగించి, తిప్పే పైపులో పోయండి. మధ్యమధ్య పరీక్ష చేసుకుంటూ ఉండండి. పీహెచ్ 6.8 పైన నిలబడి, నిష్పత్తి 0.4 లోపుకి దిగేదాకా మేత వద్దు. మూడు రోజులన్నది నా అంచనా. వారమైనా పట్టొచ్చు. అంకె చెప్పిన రోజే మొదలుపెట్టాలి.

దీంతోపాటు నాలుగైదు బండ్ల తాజా గేదె పేడ కూడా పనికొస్తుంది. మీథేన్ జీవులతో పాటు ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి సూక్ష్మ పోషకాలూ అందులో ఉంటాయి. నీళ్లలో కలిపి గోనెపట్టాలోంచి వడగట్టి పోయాలి. గడ్డి పోచ ఒక్కటి అడుగు పైపు రంధ్రంలో ఇరుక్కుందంటే ఆ పక్క నీళ్లు ఎక్కవు. పేడ కంటే మేలైంది దగ్గర్లో బాగా నడుస్తున్న డైజెస్టర్ బురద. ఒక ట్యాంకరు దొరికితే నెల రోజులు కలిసొచ్చినట్టే.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రోజుకు 15 వేల లీటర్లు. అంతకంటే వద్దు. నిష్పత్తి 0.3 లోపు వరసగా ఐదారు రోజులు నిలబడితే, అప్పుడు నాలుగో వంతు పెంచండి. మళ్లీ ఐదారు రోజులు. ఈ లెక్కన 60 వేలకి చేరడానికి దాదాపు నెలన్నర పడుతుంది. ఓపిక పట్టలేక మధ్యలో ఒక మెట్టు దాటేశారంటే మళ్లీ మొదటికొస్తారు. మిల్లు వత్తిడి నాకు తెలుసు, ధాన్యం కళ్లాల్లో తడుస్తుంటుంది, లారీలు బారులు తీరి ఉంటాయి, టెన్షన్ మామూలుగా ఉండదు. అయినా ట్యాంకుకి ఆ సంగతి తెలియదు.

నానబెట్టే తొట్లు మీరు తెల్లవారుజామున ఒకేసారి విప్పేస్తారు. గంటలో 30 వేల లీటర్లు వచ్చి పడతాయి. వాటిని అలాగే తోస్తే రెండు నష్టాలు. ఒకటి ఇందాక చెప్పిన ఆమ్లం. రెండోది, యూఏఎస్‌బీలో నీళ్లు అడుగు నుంచి బురద పొర గుండా పైకి ఎక్కాలి. ఆ ఎక్కే వేగం గంటకి అర మీటరు నుంచి మీటరు లోపు ఉండాలి. అంతకంటే జోరుగా తోస్తే బురద నీళ్లతో పాటు లేచి బయటికి పోతుంది. బయటి కాలువలో నల్లగా రవ్వలాంటిది కనిపిస్తోందా? కనిపిస్తే మీ తోడు రోజూ పారిపోతోందన్నమాట. అందుకని సమీకరణ తొట్టి కనీసం ఒక రోజు నీళ్లు పట్టేంత ఉండాలి. ట్యాంకు పెంచడానికి డబ్బు లేకపోయినా సరే, ఈ తొట్టి పెంచండి. వేడి చల్లారడం, ఊక నలకలు తేలిపోవడం, ఇరవై నాలుగు గంటలూ ఒకే ధారగా పంపడం, మూడూ దాంతోనే అవుతాయి. దాని ముందు సన్న జల్లెడ తప్పనిసరి. ఊక గాలి లేని చోట దాదాపు అరగదు. డోమ్ కింద అట్టలా కట్టి గ్యాస్ దారి మూసేస్తుంది.

ఈ పద్ధతి గురించి ఒక మాట. 1970ల్లో నెదర్లాండ్స్‌లో గాట్జె లెట్టింగా అనే ఆయన చక్కెర దుంపల ఫ్యాక్టరీ నీళ్ల మీద దీన్ని అభివృద్ధి చేశారు. అక్కడి చలికి నీళ్లు వేడి చేయడం పెద్ద ఖర్చు. మనకి గోదావరి జిల్లాల్లో ఆ బాధ లేదు. డిసెంబరు, జనవరి రాత్రులు తప్పిస్తే ఏడాది పొడుగునా ఈ జీవులకి కావాల్సిన వెచ్చదనం ఊరికే వస్తుంది. ఇంత అనువైన చోట ఇది నడవట్లేదంటే లోపం పద్ధతిలో లేదు, నడిపే తీరులో ఉంది.

ఇప్పుడు ఊక ఖర్చు సంగతి. ఇక్కడ మీకు చెప్పినవాళ్లు సరిగా చెప్పలేదు.

మీ నీళ్ల సీఓడీ, అంటే అందులోని మురుగును పూర్తిగా ఆక్సీకరణం చేయడానికి పట్టే ఆక్సిజన్ కొలత, లీటరుకు 3000 మిల్లీగ్రాములు అన్నారు. ఉప్పుడు బియ్యం నీళ్లకి అది సబబైన అంకె. 60 వేల లీటర్లలో 180 కేజీలు. ట్యాంకు బాగా నడిస్తే 75 శాతం పోతుంది, అంటే 135 కేజీలు. శాస్త్రం ప్రకారం ఒక కేజీ సీఓడీకి 0.35 ఘనపు మీటరు మీథేన్ రావాలి. కొంత నీళ్లలో కరిగి పోతుంది, కొంత జీవులు పెరగడానికి పోతుంది, చేతికి 0.3 వచ్చిందనుకుందాం. రోజుకి 40 ఘనపు మీటర్ల మీథేన్, అంటే 60 ఘనపు మీటర్ల బయోగ్యాస్. ఊకతో పోలిస్తే అది దాదాపు 115 కేజీల ఊక ఇచ్చే వేడి. మీరు రోజుకి 50, 60 టన్నుల ధాన్యం ఆడిస్తున్నారు. ధాన్యంలో అయిదో వంతు ఊక. అంటే 10 నుంచి 12 టన్నుల ఊక మీ మిల్లులోనే పుడుతోంది. అందులో ఈ గ్యాస్ ఒక్క శాతం. బాయిలర్ దాకా పైపు వేసి, బర్నరు పెట్టి, సేఫ్టీ వాల్వులు పెట్టే ఖర్చుకే అది చాలదు.

గ్యాస్ కోసం ఈ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు. మొలాసిస్ డిస్టిలరీ స్పెంట్ వాష్, అంటే సారా తీశాక మిగిలే నీళ్ల, సీఓడీ లీటరుకు లక్ష మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. ఒక ఘనపు మీటరుకి 25 నుంచి 35 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. మీ అరవై వేల లీటర్లకి మీకు 60 వస్తే, వాళ్లకి 1500 పైన వస్తుంది. అక్కడ బాయిలర్ ఇంధనం ఖర్చు నిజంగానే తగ్గుతుంది. ఆ లెక్క తెచ్చి రైసు మిల్లు వాళ్లకి చూపించడం తప్పు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. గ్యాస్ మీద ఆశ పెట్టి కట్టించుకున్న మిల్లు యజమాని, ఏడాది తిరిగేసరికి లాభం కనపడక ట్యాంకు వదిలేస్తాడు. నీళ్లు మళ్లీ డ్రెయిన్‌లోకే పోతాయి.

మరి మీకు లాభం ఎక్కడంటే, కరెంటులో, బురదలో. ఈ ట్యాంకు లేకుండా అదే నీళ్లని గాలి కొట్టి శుభ్రం చేయాలంటే, మోటు లెక్కన ఒక కేజీ సీఓడీకి ఒక యూనిట్ కరెంటు. 135 కేజీలు ఈ ట్యాంకులో ఊరికే పోతే, రోజుకి 135 యూనిట్లు మిగిలినట్టు. గాలి పద్ధతిలో ఆ 180 కేజీలకీ రోజుకి 70 కేజీల దాకా ఎండు బురద పుడుతుంది. దాన్ని ఆరబెట్టి ఎత్తిపోయడం పెద్ద చాకిరీ. ఇందులో పది కేజీలకి అటూ ఇటూ, అదీ తోడుగా పనికొచ్చే సరుకు. ఇక గ్యాస్ 60 ఘనపు మీటర్లంటే 19 కేజీల సిలిండర్లు రోజుకి ఒకటిన్నర. హమాలీలకి, డ్రైవర్లకి టీ, టిఫిన్ వండే మీ క్యాంటీన్‌కి సరిపోయి ఇంకా మిగులుతుంది. మిగిలింది ఫ్లేర్‌లో కాల్చేయండి. ఊరికే గాలిలోకి వదలొద్దు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం కలిసిందంటే చిన్న రవ్వకే పేలుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ట్యాంకు నుంచి వచ్చిన నీళ్లు నేరుగా వదలడానికి పనికిరావు, ఇది కూడా మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. బాగా నడిచినప్పుడు కూడా సీఓడీ 700, 800 ఉంటుంది. కాలువల్లోకి, డ్రెయిన్లలోకి వదలాలంటే లీటరుకు బీఓడీ, అంటే సూక్ష్మజీవులు మురుగును తినడానికి పట్టే ఆక్సిజన్ కొలత, 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250 లోపు ఉండాలి. పొలం పారకానికైతే బీఓడీ 100 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి దీని తర్వాత ఒక చిన్న గాలి తొట్టి, ఒక తేట తొట్టి ఉండాలి. మీరు ఇప్పటికే వాడుతున్న బ్లోయర్ దానికి సరిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు దాని మీద నాలుగో వంతు బరువే పడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వచ్చి శాంపిల్ పట్టేది ఆ చివరి తొట్టి దగ్గరే.

డ్రెయిన్ గురించి చివర్లో చెప్తానన్నాను. మన వైపు నీళ్లకి వాలు చాలా తక్కువ. ధవళేశ్వరం దగ్గర కాలువలో దిగిన నీళ్లు పొలాలు తడిపి, తుల్యభాగ లాంటి డ్రెయిన్లలో పడి, నత్తనడకన సముద్రం చేరతాయి. దారిలో ఎంతోమంది ఆ నీళ్లనే చేపల చెరువులకి, రొయ్యల చెరువులకి తోడుకుంటారు. మీ నీళ్లలో విషం ఏమీ లేదు, ధాన్యం కడుగే. అయినా దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు డ్రెయిన్ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ మొత్తం తాగేస్తాయి. చేపలు తెల్లారేసరికి పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కింద ఉన్న చెరువు రైతుకి ఎవరు చేశారో కూడా తెలియదు. ఆ మూడు రోజుల నిలవకి తొట్టి లేకపోతే పక్క మిల్లు వాళ్లది అడిగి తీసుకోండి, లేదా బ్యాచ్ తగ్గించండి.

సార్వాకి, దాళ్వాకి మధ్య మిల్లు ఆగినప్పుడు ట్యాంకు ఏమైపోతుందో అన్న బెంగ వద్దు. మంచి బురద నెలల తరబడి మేత లేకపోయినా నిద్రపోయి ఉంటుంది. మళ్లీ లేపేటప్పుడు సగం కంటే తక్కువతో మొదలుపెట్టి, ఆమ్లం అంకె చూసుకుంటూ పెంచండి. నా సంక్రాంతి అనుభవం అందుకే రాశాను.

ఒక్కటి మాత్రం మీ మిల్లులో అందరికీ చెప్పండి, పొద్దున షిఫ్టుకి, రాత్రి షిఫ్టుకి కూడా. పైపు మూసుకుపోయిందనో, డోమ్ కింద అట్ట కట్టిందనో ఆ ట్యాంకులోకి, దాని పక్క గుంతలోకి మనిషిని దింపొద్దు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన రావట్లేదు కదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. వాణ్ని తీయబోయిన రెండోవాడూ అంతే. గ్యాస్ కొలిచే మీటరు, గాలి కొట్టే బ్లోయరు, నడుముకి తాడు, పైన ఇద్దరు మనుషులు లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. అలవాటున్న ఏజెన్సీ వాళ్లని పిలవండి, రెండు రోజులు ఆలస్యమైనా పరవాలేదు.

రేపు పొద్దున ఆరింటికి, పంపు ఆపిన తర్వాత, ట్యాంకు బయటి కుళాయి నుంచి ఒక శాంపిల్, మధ్య కుళాయి నుంచి ఒక శాంపిల్ పట్టించండి. రెండింటికీ ఇందాక చెప్పిన రెండు అంకెలు, పీహెచ్, నీళ్ల వేడి రాయించండి. అడుగు కుళాయి విప్పి ఒక గాజు సీసాలో బురద పట్టి అరగంట కదపకుండా ఉంచి, ఎన్ని అంగుళాలు కిందకి దిగిందో కొలిపించండి. ఈ అంకెలు నాకు రాయండి. ఎన్ని కేజీల సోడా, ఏ రోజు ఎంత మేత అన్నది లెక్క కట్టి పంపిస్తాను.